అవును, బియ్యం అమ్మాం

(విశాఖపట్నంలో జరిగిన ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను "సమాజ సేవ" గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నాకు నప్పదు. నేను క్రెడిట్ సెక్షన్ మనిషిని. బ్యాలెన్స్ షీటు చూసి అప్పు ఇవ్వచ్చో లేదో చెప్పడం నా పని. అందుకని ఒక లెక్క గురించే చెబుతాను. మనందరికీ సంబంధించిన లెక్క. కిందటేడు మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది, గుర్తుందా? "మనం ఫుడ్ బ్యాంకుకి ఇచ్చిన బియ్యాన్ని వాళ్ళు అమ్ముకున్నారట. పూర్ణామార్కెట్ దుకాణంలో మన బ్యాంకు స్టిక్కరు ఉన్న బస్తాలు నేను కళ్ళారా చూశాను" అని ఒక అక్కగారు పెట్టారు. కింద చాలామంది రెండు చేతులూ జోడించిన బొమ్మలు, కోపం బొమ్మలు పెట్టారు. నేనప్పుడు జవాబు రాయలేదు. నాలుగు లైన్లలో రాసే సంగతి కాదది.

అక్కగారు చూసింది నిజమే. బియ్యం అమ్మాం. 22 బస్తాలు. ఆ బస్తాలు దింపేటప్పుడు దుకాణం ముందు నిలబడి లెక్కపెట్టింది నేనే.

ఎందుకు అమ్మాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ ఫుడ్ బ్యాంకు ఏమిటో చెప్పాలి.

ఆ పేరు మన దగ్గర్నుంచే పోయింది లెండి. 1967లో అమెరికాలో, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదటి ఫుడ్ బ్యాంకు పెట్టారు. ఆయన పేదలకు భోజనం పెట్టే ఒక వంటశాలలో సాయం చేస్తుండేవారు. అక్కడికి వచ్చే ఒక పిల్లల తల్లి, దుకాణాలు పారేసిన సరుకుల్లోంచి పనికొచ్చేవి ఏరుకునేదట. డబ్బు వేసి తీసుకోవడానికి బ్యాంకు ఉన్నట్టే తిండికీ ఒకటి ఉండాలి అని ఆమె ఆయనతో అన్నదని చెబుతారు. అంటే అది పేదింటి ఆడమనిషి ఇచ్చిన ఐడియా.

మన బ్యాంకుకీ దానికీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర వేసేదీ తీసేదీ ఒకే ఖాతాదారు. అక్కడ వేసేవారు వేరు, తీసుకునేవారు వేరు. ఏ రూపంలో వెయ్యాలి, ఏ రోజు వెయ్యాలి అన్నది వేసేవారి ఇష్టం. ఏ రోజు ఆకలి వెయ్యాలన్నది మాత్రం తీసుకునేవారి చేతిలో లేదు. నేను చెప్పబోయే తగువంతా ఈ తేడాలోనే ఉంది.

ఇక్కడి ఫుడ్ బ్యాంకు అంటే ఒక పాత ఇంటి వెనక రెండు గదులు, ఒక వంట షెడ్డు. చేసే పనులు మూడు. కల్యాణ మండపాల్లో మిగిలిన భోజనం అందుకుని పంచడం ఒకటి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు నెలకోసారి సరుకులివ్వడం ఒకటి. మూడోది ముఖ్యమైనది. పెద్దాసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ళకు రాత్రి భోజనం. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు ఏజెన్సీ, అటు ఒడిశా నుంచి కూడా వస్తారు. రోగికి ఆసుపత్రి వాళ్ళు భోజనం పెడతారు. వెంట వచ్చిన మనిషికి పెట్టరు. వాళ్ళు వరండాలో చాప వేసుకుని పదేసి రోజులు ఉంటారు. ఐదు రూపాయల క్యాంటీన్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, చాలా మేలు చేశాయి, పగటిపూట మా పని తగ్గింది. కానీ రాత్రిపూట బిడ్డను వార్డులో వదిలి క్యూలో నిలబడలేని తల్లులు ఉంటారు. వాళ్ళ కోసమే ఆ గేటు దగ్గరికి రాత్రి ఏడున్నరకు ఆటో వెళుతుంది. సుమారు 120 మంది తింటారు. 15 కిలోల బియ్యం, 4 కిలోల కందిపప్పుతో సాంబారు, ఒక కూర.

మన రిటైర్డ్ హెడ్ క్యాషియర్ గారు అక్కడ కోశాధికారి. ఈ సభలోనే ఉన్నారు, పేరు చెబితే కోప్పడతారు. నేను ట్రాన్స్‌ఫర్ మీద ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆయన వచ్చి, "అమ్మా, మీరు మేనేజిమెంట్ చదివారు కదా, మా లెక్కలు ఒకసారి చూసిపెట్టండి" అన్నారు.

ఎం.బి.ఏ. చదివినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఏ లెక్క చూసినా "ఓవర్‌హెడ్స్" ఎక్కడున్నాయా అని వెతుకుతాం. నాకు దొరికాయి. వచ్చిన నూరు రూపాయల్లో తిండి సరుకులకు వెళ్ళేది సుమారు 60. మిగిలిన 40 గ్యాసుకు, ఆటోకు, వంట చేసే పెద్దమ్మ జీతానికి, గిన్నెలు తోమే మనిషికి, కరెంటుకు, డబ్బాలకు. ఆటో అతనికి నెల జీతం. అదేమిటి, రాత్రి ఒక్క ట్రిప్పే కదా అన్నాను. నేను రెండు పేజీల నోట్ రాశాను. మన భాషలోనే రాశాను, "ఇందుమూలంగా సూచించడమేమనగా" ధోరణిలో. అన్నం కోసం ఇచ్చిన డబ్బు డీజిలుకు పోవడం సమంజసం కాదని, నెల జీతం మాని అవసరమైన రోజు ఆటో మాట్లాడుకోవాలని, దాతలు ఇచ్చినదంతా తిండికే వాడాలని అందులో ఉంది. హెడ్ క్యాషియర్ గారు చదివి, "అలాగేనమ్మా" అన్నారు.

ఆ ఊపులోనే మన స్టాఫ్ చందా మొదలైంది. మీరందరూ ఇచ్చారు, పిల్లలు హుండీలు పగలగొట్టి కూడా ఇచ్చారు. ఆ డబ్బుతో ఏం కొనాలి అన్నప్పుడు ఎవరికీ సందేహం రాలేదు. బియ్యం. 25 కిలోల బస్తాలు 40. అంటే వెయ్యి కిలోలు. బస్తాలు పేర్చి, స్టిక్కర్లు అంటించి, బ్యానర్ కట్టి ఫోటో తీసుకున్నాం. ఫోటో బాగా వచ్చింది, ఈ పత్రికలోనే వేశారు. కొంత డబ్బు మిగిలితే అది ఖాతాలో వేస్తూ ఒక షరతు రాశాం, "బియ్యం కొనుగోలుకు మాత్రమే". ఆ వాక్యం రాసింది కూడా నేనే.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. క్రెడిట్ సెక్షన్‌లో చేసినవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఇది. చిన్న పరిశ్రమ ఎలా మూతపడుతుంది? చాలాసార్లు షెడ్డు లేక కాదు, యంత్రం లేక కాదు. అవి టర్మ్ లోన్‌తో వచ్చేస్తాయి. రోజువారీ ఖర్చుకు డబ్బు లేక మూతపడుతుంది. యంత్రం కొత్తది, ముడిసరుకు నిండా ఉంది, కరెంటు బిల్లు కట్టలేదు. వర్కింగ్ క్యాపిటల్ లేని యూనిట్ బతకదని అప్పటికి పదిహేనేళ్ళుగా ఇతరులకు చెబుతున్న మనిషిని, ఒక వంటశాల దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్క మర్చిపోయాను. అన్నం అనగానే బియ్యమే గుర్తొచ్చింది, పొయ్యి గుర్తు రాలేదు.

జూన్ వచ్చింది. వానలు మొదలయ్యాయి, బడులు తెరిచారు. జీతం మానేశాం కాబట్టి పాత ఆటో అతను సాయంత్రం ట్యూషన్ పిల్లల ట్రిప్పులు ఒప్పుకున్నాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు. మేం యాప్‌లో ఆటో పిలిచాం. వర్షంలో, రాత్రిపూట, వేడి సాంబారు క్యాన్లు ఎక్కించుకోవడానికి ఎవరొస్తారు? సీట్లు పాడవుతాయి అంటారు, న్యాయమే. మొదటి రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు స్కూటర్ల మీద తీసుకెళ్ళగలిగినంత తీసుకెళ్ళారు. సగం మందికే అందింది. రెండో రాత్రి వంట మధ్యలో గ్యాస్ అయిపోయింది. అది 19 కిలోల కమర్షియల్ సిలిండరు, ఇంత వంటకు వారం కూడా రాదు. ఇంకొకటి తేవడానికి ఖాతాలో డబ్బు ఉంది. కానీ అది "బియ్యం కొనుగోలుకు మాత్రమే". హెడ్ క్యాషియర్ గారు ముప్పై ఐదేళ్ళు క్యాష్ కౌంటర్‌లో ఉన్న మనిషి. ఒక హెడ్ కింద వచ్చిన డబ్బును ఇంకో హెడ్ కింద ఖర్చు పెట్టమంటే ఆయన చెయ్యి కదలదు. మూడో రాత్రి అసలు పొయ్యే వెలగలేదు. గదిలో బియ్యం నిలువెత్తున ఉన్నాయి.

నాకు ఇవేవీ తెలియవు, ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజు ఆయన తన సొంత డబ్బుతో సిలిండర్ తెప్పించి, ఎవరిదో ట్రాలీ ఆటో బతిమాలుకుని బయల్దేరుతూ, "మీరూ ఒకసారి వస్తారా అమ్మా" అని ఫోన్ చేశారు. వెళ్ళాను. గేటు దగ్గర చేతిలో స్టీలు క్యారేజీతో ఒకావిడ ముందు నిలబడి ఉంది. సాలూరు వైపు నుంచి వచ్చిందట, మనవడు పిల్లల వార్డులో ఉన్నాడు. నన్ను చూసి కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. "నిన్న రానేదేటమ్మా? మొన్నా రానేదు. పది దాకా చూసినాం."

మరి ఏం తిన్నావు అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"పిల్లోడికిచ్చిన దాంట్లోనే సగం తినీసినాను" అంది. అలా అని, ఎవరైనా వింటున్నారేమోనని వార్డు వైపు ఒకసారి చూసింది. జ్వరంతో ఉన్న పిల్లాడి భోజనం తిన్నందుకు తనే తప్పు చేసినట్టు.

తిరిగి వస్తూ ట్రాలీలో, "ముందే ఎందుకు చెప్పలేదు సార్" అని ఆయన్ని అడిగాను. "మీరు నోట్ రాసిచ్చారు కదమ్మా. షరతు మీరే పెట్టారు కదా" అన్నారు. అందులో ఎత్తిపొడుపు లేదు. క్యాషియర్ ఎలా చెబుతాడో అలా చెప్పారు.

మరుసటి ఆదివారం బియ్యం గది తెరిచి చూశాం. నేల చెమ్మ. కింద వరుస బస్తాల్లో ముక్కపురుగు పట్టింది. వైజాగ్ గాలి సంగతి మీకు తెలుసు, పప్పు డబ్బా మూత రెండు రోజులు సరిగ్గా పెట్టకపోతేనే మెత్తబడిపోతుంది. పైగా మన బస్తాలు ఒక రకం, పుట్టినరోజులకు ఇచ్చినవారివి ఇంకో రకం, కొన్ని కొత్త బియ్యం, కొన్ని పాతవి, కొన్ని స్టీమ్. వంట పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "అన్నీ ఒక గుండిగలో ఎలా పోస్తానమ్మా? ఒకటి గంజైపోతాది, ఒకటి పలుకుండిపోతాది." ఇది మనింట్లో మనకు తెలిసిన సంగతే. సంస్థ దగ్గరికి వచ్చేసరికి బియ్యమంటే బియ్యమే అనుకుంటాం.

బాగున్న వాటిలో రోజూ వాడకానికి సరిపడా ఉంచుకుని, నిల్వ చేస్తే పాడయ్యే 22 బస్తాలు పూర్ణామార్కెట్‌లో ఒక షావుకారికి ఇచ్చాం. ఆయన తరుగు పోనూ లెక్కకట్టి, కొంత కందిపప్పు, నూనె, కొంత నగదు ఇచ్చారు. ఆ నగదుతో సిలిండర్లు వచ్చాయి, పాత ఆటో అతను మళ్ళీ వచ్చాడు. నష్టం రాలేదా అంటే వచ్చింది. మనం కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య తేడా మన అందరి డబ్బే. అది నా నోట్ ఖరీదు. స్టిక్కర్లు పీకాల్సిందని తర్వాత ఒకరు సలహా ఇచ్చారు. పీకకపోవడమే మంచిదైంది. పీకి ఉంటే దాచినట్టయ్యేది.

ఇంతకీ ఆ నూరు రూపాయల్లో 40 ఓవర్‌హెడ్ అన్నానే, అవేమిటో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఒక పెళ్ళి భోజనం సంగతి చెబుతాను. మండపం వాళ్ళు రాత్రి పదిన్నరకు ఫోన్ చేస్తారు. వండిన పదార్థాన్ని మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీలకు పైన ఉండాలి. అంటే ఫోన్ వచ్చిన క్షణం నుంచి గడియారం తిరుగుతూ ఉంటుంది. ఆటో సిద్ధంగా ఉండాలి, మూతలున్న స్టీలు క్యాన్లు కడిగి ఉండాలి, తెచ్చాక రుచి, వాసన చూసే మనిషి ఉండాలి. ప్రతి గిన్నెలోంచి కొంచెం తీసి చిన్న డబ్బాలో పక్కన పెడతారు, రేపు ఎవరికైనా కడుపునొప్పి వస్తే చూడటానికి. ఎప్పుడు వండారు, ఎక్కడి నుంచి తెచ్చారు, ఎంతమందికి ఇచ్చారు అని పుస్తకంలో రాస్తారు. మిగులు ఆహారం సేకరించి పంచేవాళ్ళ కోసం ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారు 2019లోనే నిబంధనలు తెచ్చారు, దానికి రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. ఆ భోజనం "ఉచితం"గా వచ్చిందే. దాన్ని మనిషి తినేలా చెయ్యడానికి అయ్యేదంతా నేను ఓవర్‌హెడ్ అని రాసిన ఖర్చే.

కొన్ని పదార్థాలు అసలు తీసుకోరు. కొబ్బరి పచ్చడి తీసుకోరు, అది అన్నిటికంటే ముందు పాడవుతుంది. పాలతో చేసిన స్వీట్లు తీసుకోరు. పులిహోర హాయిగా తీసుకుంటారు, చింతపండు, నూనె దానికి కాపు. "మేం తిన్నదే కదా ఇస్తున్నాం, ఎందుకు వద్దంటారు" అని కొందరికి కోపం వస్తుంది. మనం తొమ్మిదింటికి తిన్నాం, వాళ్ళు తినేది అర్ధరాత్రి. అదీ సంగతి.

పులిహోర అన్నాను కదా. ఒక ఆగస్టు 15న నేను గేటు దగ్గర ఉన్నాను. మాతో కలిపి ఐదు బృందాలు వచ్చాయి, ఐదూ పులిహోరే. వరండాలో ఒక ముసలాయన నాలుగు పొట్లాలు పక్కన పెట్టుకుని, ఐదోది తెచ్చిన కుర్రాడితో "మజ్జిగేమైనా ఉందా బాబూ" అని అడిగాడు. జనవరి ఒకటిన అంతే, సినిమా హీరోల పుట్టినరోజుల నాడు అంతే. నెలలో రెండో వారం, మంగళవారం, వర్షం. ఆ రోజు ఎవరి పుట్టినరోజూ కాదు. పెళ్ళిళ్ళ మీద ఆధారపడదామంటే వాటికి ముహూర్తాలు ఉండాలి. శ్రావణంలో క్యాన్లు చాలవు. ఆషాఢంలో ఫోన్ మోగదు. ఇక మూఢం వచ్చిందంటే పురోహితులతో పాటు ఫుడ్ బ్యాంకుకీ ఖాళీయే. మన భాషలో అసెట్ లయబిలిటీ మిస్‌మ్యాచ్. నేను ఇప్పుడు కొత్త పంచాంగం రాగానే ముందు రాశిఫలాలు చూడను. మూఢం ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని చూసి, ఆ నెలలకు డబ్బు పక్కన పెట్టిస్తాను. మా వారు నవ్వుతారు.

ఇంట్లో ఇచ్చే సరుకుల గురించి కూడా ఒక మాట. నెలసరి సరుకులు తీసుకునే ముసలివాళ్ళలో చాలామందికి రేషన్ కార్డు ఉంది. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం ఉచితంగా వస్తోంది. వాళ్ళ దగ్గర లేనిది బియ్యం కాదు. కందిపప్పు, నూనె, చింతపండు, సబ్బు. మందుల షాపుకు వెళ్ళాక మిగలని డబ్బుతో కొనాల్సినవి అవీ. అయినా ఇచ్చేవాళ్ళలో పదిమందిలో ఎనిమిది మంది బియ్యమే తెస్తారు. ఎందుకంటే అన్నదానం అన్న మాటలో అన్నం ఉంది, పప్పు లేదు. దీపావళి తర్వాత స్వీటు ప్యాకెట్లు కూడా బాగా వస్తాయి. ప్యాకెట్ మీద "ఎక్స్‌పైరీ" లేదా "యూజ్ బై" తేదీ దాటితే అది ఇవ్వకండి, ఇంట్లో కూడా వాడకండి. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ దాకా రుచి, నాణ్యత బాగుంటాయని. రెండూ ఒకటి కాదు.

డొక్కా సీతమ్మ గారి పేరు మీ పిల్లలకు ఇప్పుడు బడిలో తెలుస్తోంది, మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టారు కదా. 1841లో పుట్టి 1909లో పోయారు. కోనసీమలో లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన మనిషికి కూడా వండి పెట్టారు. నేను చిన్నప్పటి నుంచి ఆవిడ కథ దయ గురించే విన్నాను. ఇప్పుడు లెక్కల మనిషిగా వింటుంటే ఇంకోటి కనిపిస్తుంది. భర్త జోగన్న గారి పొలం ఉంది, పంట ఇంటికే వచ్చేది. చందా లేదు, దాతల షరతు లేదు. కట్టెలకు ఎంత, కుండలకు ఎంత, పనిమనుషులకు ఎంత అని ఆవిడను అడిగేవాళ్ళు లేరు. వచ్చిన మనిషి ఆకలి చూసి దేనికి ఎంత కావాలో ఆవిడే నిర్ణయించుకున్నారు. ఇవాళ మనం ఫుడ్ బ్యాంకుకు ఇచ్చేటప్పుడు ఆ ఒక్క నిర్ణయాన్ని మన దగ్గరే పెట్టుకుని మిగతావన్నీ ఇస్తున్నాం.

తిరుమల సంగతి మనవాళ్ళకు ఇంకా దగ్గర. 1985లో అక్కడ అన్నదాన పథకం రోజుకు సుమారు 2,000 మందితో మొదలైంది. దాతలు ఇచ్చిన విరాళాలను జాతీయ బ్యాంకుల్లో డిపాజిట్ చేసి, వచ్చే వడ్డీని భోజనాలకు వాడే పద్ధతి పెట్టారు. భక్తుడు ఇవాళ ఇచ్చిన రూపాయి ఇవాళే ఖర్చయిపోదు. ఏటా కొంచెం కొంచెంగా వడ్డిస్తూనే ఉంటుంది. దాంట్లో మన కౌంటర్ల పాత్ర కూడా ఉంది, మనం ఎప్పుడూ అలా అనుకోం గానీ.

మన చిన్న ఫుడ్ బ్యాంకు కూడా ఇప్పుడు ఆ దారే పట్టింది, చాలా చిన్న మోతాదులో. మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టించాం. దాన్ని ముట్టుకోవాలంటే ఇద్దరు సంతకం చెయ్యాలి, అందులో ఒకరు హెడ్ క్యాషియర్ గారు కాబట్టి ఆ డబ్బు క్షేమం. నెలనెలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చినవాళ్ళ డబ్బు ఆటోకి, గ్యాసుకి, జీతాలకి. రెండు వందలైనా సరే, నెలనెలా వస్తే దాన్ని నమ్మి ఆటో అతనికి మాట ఇవ్వచ్చు. పుట్టినరోజుకు పెద్ద మొత్తం ఇస్తామన్నవాళ్ళకు, ఆ రోజు ఇప్పటికే ఎవరైనా ఇచ్చి ఉంటే, ఖాళీగా ఉన్న రోజు ఏదో చెప్పి అడుగుతాం. మా అమ్మాయి పుట్టినరోజు భోజనం కిందటేడు మూఢంలో ఒక బుధవారం జరిగింది. "ఇవాళ నా బర్త్‌డే కాదు కదా" అని మొదట అలిగింది. వడ్డించి వచ్చాక ఏమీ అనలేదు, నిద్రపోయింది. పిల్లల నుంచి అంతకంటే పెద్ద మాట నేను ఆశించలేదు. గేటు దగ్గర తీసుకునేవాళ్ళ ఫోటోలు మాత్రం తియ్యనివ్వం. దీనికి కొందరు దాతలు మానుకున్నారు. మానుకోనివ్వండి.

ఆఫీసు మనిషిని కదా, పన్ను సంగతి చెప్పకుండా ఉండలేను. విరాళాల మీద మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. వస్తువుగా ఇచ్చిన దానికి, అంటే బియ్యం బస్తాకు, రాదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినా రాదు. చెక్కో, ఖాతా బదిలీయో ఉండాలి, సంస్థ నుంచి విరాళం సర్టిఫికెట్ తీసుకోవాలి. కాబట్టి బస్తా కంటే బదిలీయే మీకూ మంచిది, వాళ్ళకూ మంచిది.

ఇంకొకటి అడుగుతారని తెలుసు. షరతు లేకుండా డబ్బిస్తే తినెయ్యరా అని. అడగాల్సిందే, మనం బ్యాంకు వాళ్ళం. షరతు వేరు, లెక్క అడగడం వేరు. అప్పు ఇచ్చాక మనం ఫ్యాక్టరీకి వెళ్ళి స్టాకు చూస్తాం, స్టేట్‌మెంట్ అడుగుతాం. కూలీలకు జీతం ఇవ్వకు, ఇటుకలే కొను అనం కదా. ఇక్కడా అంతే. ప్రతి నెలా ఒక పేజీ లెక్క గోడకు అంటిస్తారు. ఎవరైనా వెళ్ళి చూడొచ్చు, స్టోరు గది తెరిపించి బస్తాలు లెక్కపెట్టచ్చు. పూర్ణామార్కెట్లో స్టిక్కర్ చూసిన అక్కగారు నేను కోరగానే వచ్చి ఆ పుస్తకమంతా చూశారు. రెండు తప్పులు పట్టారు కూడా, ఒకటి నా కూడికే. ఇప్పుడు నెలకోసారి ఆవిడే వచ్చి స్టోరు చూస్తున్నారు. బియ్యం ఎండబెట్టి, వేపాకు వేసి, నేల మీద కాకుండా చెక్క పలకల మీద పెట్టించింది ఆవిడే. ఆ మాట మీ ఎం.బి.ఏ. పుస్తకాల్లో లేదా అని నన్ను అడిగారు.

సాలూరు ఆవిడ మనవడికి నయమై వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆ స్టీలు క్యారేజీ మా వంట పెద్దమ్మకు ఇచ్చి వెళ్ళింది. వద్దన్నా వినలేదట. పప్పు కొలవడానికి అదే వాడుతున్నారు.

టైమైపోయిందని వెనక నుంచి చెయ్యి ఊపుతున్నారు. ఒక్క విన్నపం. ఇవాళ మన భోజనాలు ఇక్కడే. ఒంటిగంటకు వడ్డన మొదలు, రెండున్నరకు ఆటో వస్తుంది, అతనితో మాట్లాడి ఉంచాను. ఆకులో పెట్టించుకునేటప్పుడు తినగలిగినంతే పెట్టించుకోండి, గిన్నెలో మిగిలింది మాత్రమే మేం తీసుకెళ్ళగలం, ఆకులోది కాదు. పప్పు, కూర, పులిహోర మూతలు తెరిచి ఉంచకండి. కొబ్బరి పచ్చడి మాత్రం మీరే పూర్తి చెయ్యాలి, అది మేం తీసుకోం.

సెలవు.